పాత టూ ఇన్ వన్‌ని గిటార్ ఆంప్‌గా మార్చడం: విప్పడం నుంచి మూత బిగించే దాకా

"అటక మీద పాత టేప్ రికార్డర్ ఉంది, దానికి గిటార్ పెట్టుకోవచ్చా?" అని అడిగేవాళ్ళు తగ్గట్లేదు. పెట్టుకోవచ్చు. అడిగేవాళ్ళలో చాలామంది ఈ పాటికే ఒకసారి ప్రయత్నించి ఉంటారు కూడా. ఏదో కన్వర్టర్ పిన్ను కొని, గిటార్ కేబుల్‌ని ఆక్స్‌లోకి దూర్చి, సౌండ్ దుప్పటి కప్పినట్టు వచ్చేసరికి "ఈ సెట్టు దీనికి పనికిరాదులే" అని మళ్ళీ అటకెక్కించి ఉంటారు.

సెట్టు తప్పేం లేదు. పవర్ ఆంప్, స్పీకరు, బ్యాటరీ డబ్బా, హ్యాండిల్ అన్నీ అందులో ఉన్నాయి. లేనిదల్లా ఒక్కటే, గిటార్‌కి తగిన ఇన్‌పుట్. గిటార్ పికప్ అంటే సన్నటి రాగి తీగ చుట్ట, దానికి బలం తక్కువ. ఆంప్ ఇన్‌పుట్ 1 మెగ్ ఓమ్ దగ్గర ఉంటేనే అది తన సౌండ్ తాను ఇస్తుంది. టేప్ రికార్డర్ వాల్యూమ్ కంట్రోల్ సాధారణంగా 10 కె నుంచి 50 కె ఉంటుంది, నేరుగా దానికి తగిలిస్తే ట్రెబుల్ మొత్తం అక్కడే చచ్చిపోతుంది. మధ్యలో ఒక చిన్న బోర్డు, అంటే ప్రీఆంప్, పెట్టాలి. ఈ గైడంతా ఆ బోర్డు తయారు చేసి, సరైన చోట కలపడం గురించే.

సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ పట్టుకోనివాళ్ళు ముందు ఏదైనా పాడైన బోర్డు మీద రెండు రోజులు చెయ్యి తిప్పుకుని రండి.

## 1. ఏ సెట్టు తీసుకోవాలి

ఇంట్లో ఒక్కటే ఉంటే ఎంపిక గొడవ లేదు. పాత సామాన్ల వాడి దగ్గరో, దుబాయ్ నుంచి తెచ్చి మూల పడేసిన బంధువుల ఇంట్లోనో వెతుకుతుంటే మాత్రం ఇవి చూడండి.

- వాల్యూమ్ గుండ్రంగా తిప్పేదో, పక్కకి జరిపేదో ఉండాలి. ప్లస్, మైనస్ బటన్లు నొక్కే డిజిటల్ వాల్యూమ్ సెట్లు వద్దు, వాటిలో సిగ్నల్ దారి పట్టుకోవడం తలనొప్పి.
- 6 పెద్ద సెల్స్ వేసేది (9 వోల్టులు) లేదా 8 వేసేది (12 వోల్టులు) మంచిది. 4 సెల్స్ సెట్టు 6 వోల్టులే. దానికీ దారి ఉంది, 8వ దశలో చెప్తా.
- స్పీకరు కనీసం 4 అంగుళాలు ఉండాలి.
- రేడియో అయినా, టేప్ అయినా ఏదో ఒకటి పలుకుతూ ఉండాలి. బొత్తిగా మూగబోయిన సెట్టుతో మొదలుపెడితే, పాత జబ్బు ఏదో మీరు చేసిన పొరపాటు ఏదో తేల్చుకోలేరు.

మెరిసే లైట్లు, రెండు పక్కలా పెద్ద స్పీకర్లు, అట్టపెట్టె మీద "1000 వాట్స్ పీఎంపీఓ" చూసి మోసపోకండి. అసలు లెక్క చాలా సులువు: వోల్టేజీని దానితోనే గుణించి, స్పీకరు ఓమ్‌లకు 8 రెట్లతో భాగించండి. 9 వోల్టులు, 8 ఓమ్‌ల స్పీకరు అయితే 81ని 64తో భాగిస్తే ఒకటింబావు వాట్. 12 వోల్టులు, 4 ఓమ్‌లు అయితే నాలుగున్నర వాట్లు. బ్రిడ్జ్ పద్ధతిలో (అంటే స్పీకరు రెండు వైర్లకీ సిగ్నల్ ఇచ్చి) స్పీకర్‌ని నడిపే సెట్లలో ఇంతకంటే ఎక్కువ వస్తుంది. ఎలా చూసినా గదిలో ప్రాక్టీసుకి ఒక వాట్ చాలు, రెండు వాట్లకే పక్కింటివాళ్ళు తలుపు కొడతారు. నన్నడిగితే ఒకే స్పీకరున్న పాత మోనో సెట్టే దీనికి బాగుంటుంది. వైర్లు తక్కువ, లోపల ఖాళీ ఎక్కువ.

వాల్వ్ రేడియోల జోలికి వెళ్ళకండి. లోపల ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా కరెంటు మీద నడిచే సెట్లూ వద్దే వద్దు, వాటిలో గిటార్ తీగలకే 230 వోల్టులు ఎక్కే ప్రమాదం ఉంది. బాగా పాత జెర్మేనియం ట్రాన్సిస్టర్ సెట్లలో ప్లస్ ఎర్త్‌గా ఉండొచ్చు, ఈ గైడు వాటికి సరిపోదు.

## 2. సామాను

హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్. చిన్న ఊళ్ళలో అయితే టీవీ రిపేర్ షాపులో అడగండి, సగం వాళ్ళ డ్రాయర్‌లోనే ఉంటాయి.

- టీఎల్ 072 ఐసీ ఒకటి, దానికి 8 కాళ్ళ బేస్ ఒకటి. ఐసీ దొరక్కపోతే 4558 తీసుకోండి, కాళ్ళ వరుస అదే.
- రెసిస్టర్లు: 1 మెగ్ (గోధుమ, నలుపు, ఆకుపచ్చ) ఒకటి, 100 కె (గోధుమ, నలుపు, పసుపు) ఒకటి, 10 కె (గోధుమ, నలుపు, నారింజ) ఏడు, 1 కె (గోధుమ, నలుపు, ఎరుపు) రెండు, 100 ఓమ్ (గోధుమ, నలుపు, గోధుమ) ఒకటి
- కండెన్సర్లు (473 లాంటివి వాటి మీద అచ్చు వేసి ఉండే నంబర్లు): 473 ఒకటి, 224 ఒకటి, 104 ఒకటి, 101 ఒకటి, 25 వోల్టుల ఎలక్ట్రోలిటిక్‌లు 4.7, 47, 220 మైక్రో ఒక్కోటి
- 100 కె కంట్రోల్, దానికో నాబ్
- పి-38 మోనో సాకెట్, అంటే గిటార్ కేబుల్ పట్టే పెద్ద జాక్. ప్యానెల్‌కి నట్టుతో బిగించే రకం తీసుకోండి. 6 వోల్టుల సెట్టయితే స్టీరియో సాకెట్ కొనండి.
- చుక్కల బోర్డు (జనరల్ పర్పస్ పీసీబీ) చిన్న ముక్క
- షీల్డ్ వైరు ఒక మీటరు, మామూలు సన్న వైరు మూడు రంగుల్లో
- 25 వాట్ల ఐరన్, సోల్డర్, మల్టీమీటరు, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, హీట్ ష్రింక్ స్లీవ్

ఏడు 10 కె రెసిస్టర్లలో నాలుగు స్టీరియో సెట్టుకి, పాటలు కూడా కలుపుకునేవాళ్ళకి. మోనో సెట్టులో గిటార్ ఒక్కటే కావాలంటే మూడు చాలు, కానీ ఎక్కువ కొని పెట్టుకోండి, ఒకటో రెండో కింద పడి మంచం కిందకి పోతాయి.

## 3. విప్పకముందు పాటించాల్సినవి

ఈ పని మొత్తం, టెస్టులతో సహా, బ్యాటరీల మీదే చెయ్యండి. కరెంటు వైరు పీకి పక్క గదిలో పెట్టేయండి. ప్లగ్ తీసి పక్కనే పెట్టుకుంటే మధ్యలో ఎవరో ఒకరు "ఇది పెట్టాలా?" అంటూ పెట్టేస్తారు.

వెనక మూత తీయగానే కరెంటు సాకెట్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్ళే రెండు వైర్లు, వాటి సోల్డర్ చుక్కలు ఎక్కడున్నాయో చూసుకోండి. బయటికి కనిపిస్తుంటే స్లీవ్ ఎక్కించండి. సోల్డర్ చుక్కలు సరిగ్గా ఆనేలా లేకపోతే, వైరు ఇన్సులేషన్ పెళుసెక్కి రాలిపోతుంటే, ఆ సెట్టుని కరెంటు మీద ఇక నడపొద్దు. బ్యాటరీలో, బయటి అడాప్టరో వాడుకోండి.

## 4. ముందు సెట్టుని మామూలుగా పలికించండి

దీన్ని దాటేసి నేరుగా ఐరన్ పట్టుకునేవాళ్ళే ఎక్కువ. తర్వాత గంటలకొద్దీ వెతుక్కునేదీ వాళ్ళే.

బ్యాటరీ డబ్బాలో స్ప్రింగులు చూడండి. పాత సెల్స్ కారి తెల్లగానో పచ్చగానో పొక్కులు కట్టి ఉంటాయి. గీకి, స్పిరిట్‌తో తుడిచి, సన్న ఎమ్రీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. తుప్పు లోపలికి దిగిపోతే స్ప్రింగు మార్చడమే.

వాల్యూమ్ తిప్పితే గరగరమంటుందా? కంట్రోల్ సందులోకి (మూత తీసే పద్ధతి 5లో ఉంది) కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు కొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు ఇరవై ముప్ఫై సార్లు తిప్పండి. టేప్, రేడియో మార్చే స్విచ్‌కీ ఇదే మందు. బోర్డు మీద పొడుగ్గా, పది పన్నెండు కాళ్ళతో ఇంకో స్విచ్ ఉంటుంది, అది రికార్డ్ స్విచ్. దాన్నీ వదలకండి. సౌండ్ వచ్చిపోతూ ఉండే పాత సెట్లలో చాలాసార్లు దొంగ అదే.

స్పీకరు అట్ట చిరిగితే పల్చటి టిష్యూ పేపరు ముక్క, నీళ్ళు కలిపిన ఫెవికాల్. ఆరాక గరగర లేకపోతే చాలు. స్పీకరు ఓమ్‌లు మీటరుతో చూడండి: 8 ఓమ్‌లది ఆరున్నర, ఏడు చూపిస్తుంది, 4 ఓమ్‌లది మూడున్నర అటూ ఇటూ. కొత్త స్పీకరు వేస్తుంటే పాతదానికంటే తక్కువ ఓమ్‌లది వేయొద్దు, పవర్ ఐసీ వేడెక్కి పోతుంది.

## 5. విప్పడం, క్యాసెట్ మెకానిజం సంగతి

స్క్రూలు కొన్ని బ్యాటరీ డబ్బా లోపల, కొన్ని హ్యాండిల్ కింద దాక్కుని ఉంటాయి. అన్నీ తీశాక కూడా మూత రాకపోతే బలం పెట్టకండి, ఇంకోటి మిగిలి ఉంది. ప్రతి దశలో ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా ప్లగ్ కనెక్టర్లు పీకేముందు.

క్యాసెట్ బెల్టులు నల్లటి జిగురులా కరిగిపోయి ఉండొచ్చు. చేతికి అంటితే రెండు రోజులు వదలదు, స్పిరిట్ దూదితో ముందే తుడిచేయండి.

మెకానిజం పీకేస్తే ఖాళీ బాగా వస్తుంది, బోర్డు అక్కడే కూర్చుంటుంది. కానీ ఒక మెలిక ఉంది. చాలా సెట్లలో టేప్ స్థానం అంటేనే ఆఫ్. ప్లే బటన్ నొక్కినప్పుడు మెకానిజం అడుగున రెండు రాగి రేకులు కలుస్తాయి, అప్పుడే బోర్డుకి కరెంట్ అందుతుంది. దీన్నే లీఫ్ స్విచ్ అంటారు. మెకానిజంతో పాటు దీన్నీ పీకేసి "సెట్టు చచ్చిపోయింది" అనుకునేవాళ్ళు చాలామంది. ఆ రేకులకు వచ్చే రెండు వైర్లను బయటికి తీసి, వాటి మధ్య మామూలు ఆన్, ఆఫ్ స్విచ్ ఒకటి పెట్టండి. సరిపోయింది. మోటార్‌కి వెళ్ళే వైర్లు మాత్రం కత్తిరించి స్లీవ్ వేసేయండి, లేకపోతే గిటార్ వాయిస్తున్నంతసేపూ వెనకాల మోటార్ కూత వినబడుతుంది.

పాటతో పాటు వాయించాలనుకునేవాళ్ళు మెకానిజం ఉంచుకోండి, 9లో చెప్తా.

## 6. వాల్యూమ్ కంట్రోల్ కాళ్ళు గుర్తించడం

పనంతటికీ ఇదే గుండెకాయ, నెమ్మదిగా చెయ్యండి.

మోనో కంట్రోల్‌కి 3 కాళ్ళు, స్టీరియోకి 3 చొప్పున రెండు వరుసలు. కొన్నిటికి లౌడ్‌నెస్ కోసం అదనంగా ఇంకో కాలు ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి.

1. బ్యాటరీలు తీసేయండి. మీటరుని బీప్ మీద పెట్టి ఒక ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఒక్కో కాలి మీద. బీప్ వచ్చినది ఎర్త్ కాలు (ఇక్కడ ఎర్త్ అంటే బ్యాటరీ మైనస్ దారి, ఇంటి కరెంటు ఎర్త్ కాదు). వాల్యూమ్ పూర్తిగా తగ్గించి ఉంటే మధ్య కాలు కూడా బీప్ అంటుంది, అందుకని నాబ్‌ని మధ్యలో ఉంచి చూడండి.
2. మీటరుని ఓమ్‌లలో పెట్టి, ఎర్త్ కాలి నుంచి మిగతా రెండూ చూడండి. నాబ్ తిప్పుతుంటే బాగా మారేది మధ్య కాలు. పెద్దగా మారనిది పై కాలు, మనకు కావాల్సింది అదే.
3. బ్యాటరీలు వేసి, సెట్టు ఆన్ చేసి, వాల్యూమ్ సగంలో పెట్టి, చిన్న స్క్రూడ్రైవర్ లోహపు భాగాన్ని వేలితో పట్టుకుని దాని మొనని పై కాలికి తాకించండి. స్పీకర్లో గుయ్‌మంటే సరైన చోటే ఉన్నారు. వాల్యూమ్ తగ్గిస్తే ఆ గుయ్ కూడా తగ్గాలి.

ఏ కాలు తాకించినా గుయ్‌మనకపోతే, ఆ సెట్టులో కంట్రోల్ నుంచి సిగ్నల్ వెళ్ళట్లేదు, ఐసీకి ఆదేశం మాత్రమే వెళ్తోంది. అలాంటిదాన్ని పక్కన పెట్టి వేరే సెట్టు చూసుకోవడం మేలు.

## 7. ఫోన్‌తో పరీక్ష

బోర్డు చేయకముందే తేల్చుకోండి. పాత ఇయర్‌ఫోన్ వైరు కోసి ఎర్త్ వైరుని ఎర్త్ కాలికి, ఎడమ వైరుని 4.7 మైక్రో కండెన్సర్ ద్వారా పై కాలికి తాకించి ఫోన్‌లో పాట పెట్టండి. సెట్టు పూర్తి సౌండుతో పలకాలి. పలికితే సగం పని అయిపోయినట్టే. టోన్ నాబ్ కూడా పనిచేస్తుందేమో చూడండి, కొన్ని సెట్లలో అది వాల్యూమ్‌కి ముందుంటుంది కాబట్టి పనిచేయకపోవచ్చు.

రేడియో స్థానంలో ఉంటే రేడియో గోల కూడా కలుస్తుంది. ప్రస్తుతానికి ఓర్చుకోండి.

## 8. ప్రీఆంప్ బోర్డు

ఒక మాట ముందే చెప్పాలి. దీన్ని సౌండ్ పెంచడానికి కట్టట్లేదు. ఈ సెట్లలో ఎక్కువగా కనిపించే ఎల్ఏ 4440 లాంటి పవర్ ఐసీ సిగ్నల్‌ని దాదాపు 350 రెట్లు పెంచుతుంది, గిటార్ ఇచ్చే 100 మిల్లీ వోల్టులే దానికి ఎక్కువ. మనకు కావాల్సింది పికప్‌ని లాగేయని ఇన్‌పుట్. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెంచాలో) కంట్రోల్ పెట్టేది కాస్త గరుకు సౌండ్ ఇష్టపడేవాళ్ళ కోసమే.

ఐసీ బేస్‌ని బోర్డు మధ్యలో సోల్డర్ చేసి, ఈ వరుసలోనే కలపండి. ఐసీని మాత్రం చివర్లో పెట్టాలి. కాళ్ళ లెక్క: గాటు పైకి ఉండేలా పట్టుకుని పైనుంచి చూస్తే ఎడమ పక్క పై నుంచి కిందికి 1 నుంచి 4, కుడి పక్క కింది నుంచి పైకి 5 నుంచి 8.

కరెంట్. సెట్టు ప్లస్ నుంచి 100 ఓమ్ ద్వారా 8వ కాలికి. 4వ కాలు ఎర్త్‌కి. 8, 4 కాళ్ళ మధ్య 104, దాని పక్కనే 220 మైక్రో (ప్లస్ 8వ కాలి వైపు). ఈ 100 ఓమ్, 220 మైక్రో జంటే కరెంటు మీద నడిపినప్పుడు వచ్చే హమ్మింగ్‌ని చాలావరకు ఆపుతుంది, అనవసరం అనుకుని వదిలేయకండి.

సగం పాయింట్. 8వ కాలి నుంచి ఎర్త్‌కి 10 కె రెండు వరుసగా. ఆ రెండూ కలిసే చోటు నుంచి ఎర్త్‌కి 47 మైక్రో. అక్కడ సగం వోల్టేజీ ఉంటుంది.

ఇన్‌పుట్. జాక్ టిప్ (కేబుల్ పిన్ను మొన తగిలే కాలు) నుంచి 1 కె, ఆ తర్వాత 473, అక్కడి నుంచి 3వ కాలికి. 3వ కాలి నుంచి 1 మెగ్ సగం పాయింట్‌కి. ఈ భాగం వైర్లు వీలైనంత పొట్టిగా.

గెయిన్. 1, 2 కాళ్ళ మధ్య 100 కె కంట్రోల్. కంట్రోల్ మధ్య కాలిని ఒక చివరి కాలితో కలిపేయండి, లేకపోతే అది అరిగి ఒక్క క్షణం వదిలినా స్పీకర్లో ఢమ్మంటుంది. దానికి అడ్డంగా 101. ఇక 2వ కాలి నుంచి 10 కె, 224 వరుసగా ఎర్త్‌కి. గెయిన్ ఒకటి నుంచి పదకొండు రెట్ల దాకా వస్తుంది. 224 వేయమన్నది ఊరికే కాదు, గెయిన్ పెంచినప్పుడు 70 హెర్ట్జ్ కిందివి పెరగకుండా చూస్తుంది. నాలుగంగుళాల స్పీకరు ఎలాగూ ఆ బేస్‌ని పలకలేదు, ఊరికే ఊగి పాడవుతుంది.

అవుట్‌పుట్. 1వ కాలి నుంచి 4.7 మైక్రో (ప్లస్ 1వ కాలి వైపు). మైనస్ వైపు నుంచి 100 కె ఎర్త్‌కి. అదే మైనస్ వైపు నుంచి 1 కె ద్వారా బయటికి. స్టీరియో సెట్టుకైనా, పాటలు కూడా కలుపుకునేవాళ్ళకైనా ఈ 1 కె వేయొద్దు, అక్కడ 10 కె వస్తాయి.

ఐసీలో మిగిలిన సగం. 5వ కాలు సగం పాయింట్‌కి, 6 నుంచి 7కి ఒక చిన్న వైరు. ఊరికే వదిలేస్తే ఐసీ ఒక్కోసారి తనలో తాను కూస్తుంది.

6 వోల్టుల సెట్టుకి ఈ బోర్డుని విడిగా 9 వోల్టుల చిన్న బ్యాటరీతో నడపండి. ప్లస్ నేరుగా బోర్డుకి. మైనస్‌ని స్టీరియో సాకెట్ రింగ్ కాలికి ఇచ్చి, బోర్డు ఎర్త్‌ని స్లీవ్ కాలికి (సాకెట్ ఎర్త్ కాలు) ఇస్తే మోనో కేబుల్ దూర్చినప్పుడే బ్యాటరీ కలుస్తుంది, వేరే స్విచ్ అక్కర్లేదు. వాయించడం అయ్యాక కేబుల్ పీకడం మర్చిపోకూడదు మరి.

ఐసీ పెట్టేముందు చెక్‌లిస్టు:

- 8వ రంధ్రం, 4వ రంధ్రం మధ్య మీటరు బీప్ అనకూడదు
- ఎలక్ట్రోలిటిక్‌ల ప్లస్, మైనస్ ఇంకోసారి
- బోర్డు అడుగున పక్కపక్క చుక్కలు కలిసిపోయాయేమో బ్లేడుతో గీతలు గీయండి
- ఐసీ గాటు బేస్ గాటు వైపే

కరెంట్ ఇచ్చాక 1వ కాలి దగ్గర సరఫరాలో సగం ఉండాలి, 9 వోల్టుల సెట్టులో నాలుగున్నర దగ్గర. 3వ కాలి దగ్గర మాత్రం బాగా తక్కువ చూపిస్తే కంగారు పడకండి. చౌక పసుపు మీటర్లు చాలావాటి లోపలి రెసిస్టెన్స్ 1 మెగ్గే, మన 1 మెగ్‌తో కలిసి సగానికి సగం తినేస్తుంది. 1వ కాలిని నమ్మండి.

## 9. సెట్టులో కలపడం

బోర్డుకి ప్లస్ ఎక్కడ తీసుకోవాలి? పవర్ ఐసీ దగ్గర బొద్దుగా ఒక పెద్ద కండెన్సర్ ఉంటుంది, దాని ప్లస్ కాలు. సెట్టు ఆన్ చేస్తే అక్కడ 9 లేదా 12 రావాలి, ఆఫ్ చేస్తే పడిపోవాలి. ఆఫ్ చేసినా తగ్గకపోతే స్విచ్‌కి ముందున్నారు, అక్కడ కలిపితే బ్యాటరీలు రాత్రికి రాత్రి అయిపోతాయి.

బోర్డు ఎర్త్‌ని వాల్యూమ్ కంట్రోల్ ఎర్త్ కాలికే ఇవ్వండి, స్పీకరు మైనస్‌కి ఎప్పుడూ ఇవ్వొద్దు. బ్రిడ్జ్ సెట్లలో స్పీకరు రెండు వైర్లూ లైవే, ఒకదాన్ని ఎర్త్‌కి కలిపితే ఐసీ పోతుంది.

సిగ్నల్ విషయంలో రెండు దారులు.

గిటార్ ఒక్కటే చాలు అనుకుంటే: సెలెక్టర్ (టేప్, రేడియో మార్చే స్విచ్) నుంచి వాల్యూమ్ పై కాలికి వచ్చే రాగి దారిని బ్లేడుతో కోసేసి, మన బోర్డు అవుట్‌పుట్ ఆ పై కాలికి. స్టీరియో అయితే రెండు దారులూ కోసి, రెండు పై కాళ్ళకీ విడివిడిగా 10 కె ద్వారా. ఇది నిశ్శబ్దంగా ఉంటుంది, నా ఓటు దీనికే.

పాటతో కలిపి వాయించాలంటే: దారి కోసిన చోట వంతెనలా 10 కె పెట్టండి, గిటార్‌ని ఇంకో 10 కె ద్వారా పై కాలికి కలపండి. పాట, గిటార్ రెండూ కొంచెం తగ్గి వస్తాయి, గెయిన్ ఉంది కాబట్టి ఫరవాలేదు. ఒకే వాల్యూమ్ నాబ్ రెండింటినీ కదిలిస్తుంది, గిటార్‌ని గిటార్ మీద నాబ్‌తో సర్దుకోవాలి.

బోర్డు నుంచి జాక్‌కీ, వాల్యూమ్‌కీ షీల్డ్ వైరే వాడండి. జాక్ వైరు షీల్డ్‌ని రెండు వైపులా కలపాలి, గిటార్‌కి ఎర్త్ అందేది దాని ద్వారానే. వాల్యూమ్ వైరు షీల్డ్‌ని మాత్రం ఒక్క బోర్డు వైపే చాలు. స్పీకరు వైర్లకి, ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా నడిపించండి.

జాక్ రంధ్రం ప్లాస్టిక్ మందంగా ఉన్నచోట, ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎదురు పక్కన. చిన్న డ్రిల్ బిట్‌తో మొదలుపెట్టి మెల్లగా పెద్దది చేయండి, పాత ప్లాస్టిక్ పెళుసు, ఒక్కసారిగా పెద్ద బిట్ పెడితే పగులుతుంది. క్యాసెట్ తలుపు మీద పెట్టొద్దు, కేబుల్ లాగినప్పుడల్లా ఊడుతుంది.

## 10. మొదటిసారి ఆన్

గెయిన్ సున్నా, వాల్యూమ్ సున్నా, గిటార్ కేబుల్ లేకుండా ఆన్ చేయండి. పవర్ ఐసీ మీద వేలు పెట్టి ఒక నిమిషం చూడండి, గోరువెచ్చగా ఉంటే సరే, వేలు పెట్టలేనంత కాలితే వెంటనే ఆఫ్. అంతా బాగుంటే గిటార్ కలిపి, దాని వాల్యూమ్ పూర్తిగా పెంచి, సెట్టు వాల్యూమ్ మెల్లగా ఎక్కించండి. పావు వంతు దాటేలోపే గది నిండిపోవాలి.

బ్యాటరీ మీద అంతా సరిగ్గా ఉందని తేలాకే, మూత బిగించాకే, కరెంటు మీద పెట్టండి.

## 11. వచ్చే ఇబ్బందులు, మందులు

హమ్ ఉంది, తీగలు ముట్టుకుంటే తగ్గుతోంది. అది గిటార్ షీల్డింగ్ సమస్య, ఆంప్‌లో వెతికి లాభం లేదు. ట్యూబ్‌లైటుకీ, ఫోన్ చార్జరుకీ దూరంగా కూర్చోండి.

ముట్టుకుంటే పెరుగుతోంది. జాక్ దగ్గర టిప్, ఎర్త్ తారుమారయ్యాయి.

బ్యాటరీ మీద నిశ్శబ్దం, కరెంటు మీద గుయ్. సెట్టు పాత ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయింది. అదే మైక్రో విలువ, అంతే లేదా ఎక్కువ వోల్టులది వేయండి. చౌక అడాప్టర్ వాడుతూ సన్నగా కీ... అంటుంటే అడాప్టరే మార్చాలి. కొత్తది పెట్టేముందు పిన్నులో ప్లస్ లోపలా బయటా అన్నది సెట్టు మీది బొమ్మతో సరిచూసుకోండి, పాత సెట్లలో ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది.

గెయిన్ పెంచితే ఈల వేస్తోంది. ఇన్‌పుట్ వైరు స్పీకరు వైరు పక్కనే పోతోంది, లేదా 104ని ఐసీకి దూరంగా పెట్టారు. సెట్టులో సొంత మైకు ఉంటే, అది ఎక్కడో కలుస్తోందేమో కూడా చూసి వైరు తీసేయండి.

గిటార్ పెడితే సన్నగా రేడియో వినబడుతోంది. 3వ కాలి నుంచి ఎర్త్‌కి ఇంకో 101 వేయండి.

సౌండ్ ఇంకా మందంగానే ఉంది. 1 మెగ్ బదులు 10 కె పడి ఉంటుంది. ఆకుపచ్చకీ నారింజకీ బల్బు వెలుతురులో తేడా తెలియదు, మీటరుతో చూడండి.

గట్టిగా మీటితే మాత్రమే చిరుగుతోంది. బ్యాటరీలు అయిపోవస్తున్నాయి, లేదా స్పీకరు అంచు వదిలింది. కొత్త సెల్స్ వేసి చూస్తే తెలిసిపోతుంది.

## 12. గిటార్ కాకుండా వేరేవి

కీబోర్డుకి ఈ బోర్డు అక్కర్లేదు, దానికి బలమైన అవుట్‌పుట్ ఉంటుంది. ఎడమ, కుడి రెండిటినీ చెరో 10 కె ద్వారా కలిపి, అక్కడి నుంచి 4.7 మైక్రో ద్వారా నేరుగా వాల్యూమ్ పై కాలికి ఇవ్వండి. ఎలక్ట్రిక్ మాండలిన్‌కి ఈ గైడు ఉన్నదున్నట్టే సరిపోతుంది.

వీణకో, వయొలిన్‌కో అతికించే కాంటాక్ట్ మైకు పీజో రకం. దానికి 1 మెగ్ కూడా తక్కువే, సౌండ్ పల్చగా వస్తుంది. టీఎల్ 072 పెట్టి ఉంటే ఆ 1 మెగ్ తీసి 4.7 మెగ్ వేయండి. 4558తో మాత్రం అంత పెద్దది వేయకండి, సగం పాయింట్ జరిగిపోతుంది.

బేస్ గిటార్ వద్దు. పలుకుతుంది కానీ చిన్న స్పీకరు అట్ట ఎక్కువ రోజులు బతకదు.

## 13. ఇంకా గరుకు సౌండ్ కావాలంటే

అవుట్‌పుట్‌లో చివరి రెసిస్టర్ తర్వాత, వాల్యూమ్ పై కాలి దగ్గర, 1ఎన్ 4148 డయోడ్లు రెండు పక్కపక్కనే, ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి ఉండేలా, ఎర్త్‌కి పెట్టండి. గెయిన్ పెంచేకొద్దీ సిగ్నల్ 0.6 వోల్టుల దగ్గర కోసుకుపోయి డిస్టార్షన్ వస్తుంది. ఒక స్విచ్ ద్వారా పెడితే కావాల్సినప్పుడే వాడుకోవచ్చు. పాట కూడా కలుపుకుంటున్నవాళ్ళు ఇక్కడ పెట్టొద్దు, పాట కూడా చిరుగుతుంది.

టేప్ హెడ్ (క్యాసెట్ టేపుని చదివే భాగం) వైర్లు పీకి గిటార్‌ని అక్కడ కలపమనే చిట్కా కూడా వీడియోల్లో తిరుగుతోంది. హెడ్ ఇచ్చేది మిల్లీ వోల్టులో ఒక చిన్న వంతు, ఆ భాగం దాన్ని వందల రెట్లు పెంచడమే కాక బేస్‌ని ప్రత్యేకంగా ఎత్తి, ట్రెబుల్‌ని వెనక్కి నెడుతుంది, టేప్‌కి అలాగే కావాలి మరి. గిటార్ పెడితే మొత్తం పగిలిపోయిన బురద సౌండ్. ఆ సౌండే కావాలనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళు బోర్డు అవుట్‌పుట్ నుంచి 100 కె, అక్కడి నుంచి ఎర్త్‌కి 100 ఓమ్ వేసి, ఆ మధ్య చోటు నుంచి హెడ్ వైరుకి ఇవ్వండి. సిగ్నల్ వెయ్యో వంతుకి తగ్గుతుంది, హెడ్ భాగం అరవకుండా ఉంటుంది. సెట్టు టేప్ స్థానంలో ఉండాలి, రికార్డ్ బటన్ లోపలికి ఇరుక్కుని ఉండకూడదు, వాల్యూమ్ దగ్గర దారి కోసి ఉంటే తిరిగి కలిపేయాలి.